మతి తప్పిందని తేల్చేయకముందు

భద్రాచలం దాటి దుమ్ముగూడెం, చర్ల వైపు వెళ్లేకొద్దీ వారపు సంతల్లో ఒక్క తెలుగే వినపడదు. కోయ, లంబాడీ, ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన గొత్తికోయల మాట, వ్యాపారుల హిందీ అన్నీ కలగలిసి వినిపిస్తాయి. చింతపండో ఇప్పపువ్వో తెచ్చిన కోయ అవ్వ షావుకారుతో తెలుగులో బేరమాడుతుంది. ఆ ధరకు ఇవ్వొచ్చా అని పక్కనున్న కోడలిని కోయలో అడుగుతుంది. మళ్లీ తెలుగులోకి వచ్చి బేరం తెగ్గొడుతుంది. ఆమె బడి మొహం చూసి ఉండకపోవచ్చు, సంతకం బదులు వేలిముద్రే వేస్తుండవచ్చు. అయినా రోజుకు ఎన్నోసార్లు ఒక భాషను పక్కన పెట్టి ఇంకో భాషను అందుకోవడం అలవాటైన బుర్ర అది.

ఈ అలవాటుకీ, ముసలితనంలో మనిషిని కమ్ముకునే మతిమరుపు జబ్బు డిమెన్షియాకీ సంబంధం ఉందా? ఈ ప్రశ్నకు ప్రపంచమంతా చెప్పుకొనే జవాబుల్లో ఒకటి హైదరాబాద్ నుంచే వెళ్లింది.

అందరూ నిమ్స్ అని పిలిచే నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థలో అప్పట్లో నరాల వైద్యురాలిగా ఉన్న డాక్టర్ సువర్ణ అల్లాడి, ఆమె బృందం 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు పరిశీలించారు. స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరో విశ్వవిద్యాలయం పరిశోధకుడు థామస్ బాక్ కూడా ఇందులో పాలుపంచుకున్నారు. ఆ రోగుల్లో 240 మందికి అల్జీమర్స్. 189 మందికి మెదడు రక్తనాళాలు దెబ్బతినడం వల్ల వచ్చిన డిమెన్షియా. మిగిలినవారివి వేరే రకాలు. మొత్తంలో 391 మంది రెండు గానీ అంతకన్నా ఎక్కువ గానీ భాషలు మాట్లాడేవాళ్లు. ఒకే భాష వచ్చినవారిలో జబ్బు లక్షణాలు సగటున 61 ఏళ్లకు మొదలైతే, రెండు భాషలవారిలో 65 దాటాక గానీ మొదలు కాలేదు. నాలుగున్నరేళ్ల తేడా! 2013లో ఈ ఫలితాలు ‘న్యూరాలజీ’ పత్రికలో వెలువడ్డాయి.

ఆ అధ్యయనంలో బాగా పట్టించుకోవాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. అప్పటిదాకా చాలామంది ఈ తేడా భాష వల్ల వచ్చింది కాదని, చదువు వల్ల వచ్చిందని అనుకునేవారు. రెండు భాషలు వచ్చినవాళ్లు ఎలాగూ ఎక్కువ చదువుకున్నవాళ్లే అయి ఉంటారని వారి వాదన. నిమ్స్ రోగుల్లో అక్షరం ముక్క రానివాళ్లు కూడా ఉన్నారు. వాళ్లను విడిగా చూస్తే తేడా తగ్గకపోగా పెరిగి, ఆరేళ్లకు చేరింది. కెనడాలోని టొరంటోలో ఎలెన్ బియాలిస్టాక్ 2007లో ప్రచురించిన అధ్యయనంలోనూ నాలుగేళ్ల తేడాయే కనిపించింది. అయితే అక్కడ రెండు భాషలవాళ్లలో ఎక్కువమంది వలస వచ్చినవాళ్లు. వలస వెళ్లగలిగేవాళ్లు సహజంగానే ఆరోగ్యవంతులై ఉంటారు కదా అన్న అనుమానం దాన్ని వెంటాడింది. హైదరాబాద్‌లో ఆ అనుమానానికి చోటు లేదు. ఇక్కడి మనిషి పుట్టిన వీధిలోనే రెండు భాషలు నేర్చుకుంటాడు.

ఇదే బృందం పక్షవాతం వచ్చిన 608 మందిని పరిశీలించి 2016లో ఫలితాలు ప్రచురించింది. స్ట్రోక్ తర్వాత కూడా ఆలోచనాశక్తి మామూలుగా నిలిచినవారు రెండు భాషలవాళ్లలో 40 శాతం, ఒకే భాషవాళ్లలో 20 శాతం లోపు. దెబ్బ ఒకేలాంటిది. తట్టుకున్న తీరులోనే తేడా.

దీనికి మనస్తత్వ శాస్త్రంలో చెప్పే కారణం ఒకటుంది. కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన యాకోవ్ స్టెర్న్ వంటివారు ఎన్నో ఏళ్లుగా దాన్ని వివరిస్తూ వచ్చారు. మెదడులో జబ్బు ఎంత ముదిరిందో, బయటికి లక్షణాలు ఎంత కనిపిస్తాయో ఆ రెండూ ఎప్పుడూ ఒక్కలా ఉండవు. అమెరికాలో డేవిడ్ స్నోడన్ 678 మంది క్రైస్తవ సన్యాసినులను ఏళ్ల తరబడి గమనించి, వారు కన్నుమూశాక వారి మెదళ్లను పరీక్షించారు. కొందరి మెదడులో అల్జీమర్స్ ఆనవాళ్లు దండిగా ఉన్నా, బతికున్నన్నాళ్లూ వాళ్ల మాటలో, పనిలో ఏ లోపమూ కనపడలేదు. మంచి పంటలప్పుడు గాదె నింపుకున్న ఇల్లు కరువును కొన్నాళ్లు తట్టుకున్నట్టు, బతుకంతా రకరకాలుగా పనిచేసిన మెదడు జబ్బును కొన్నేళ్లు తట్టుకుంటుంది. చదువు ఆ నిల్వను పెంచే మార్గాల్లో ఒకటి మాత్రమే. భాషలు, చేతిపనులు, నలుగురితో మాటామంతీ, బేరసారాలు, పాటలు, లెక్కలు కూడా దాన్ని పెంచేవే.

ఇక్కడొక జాగ్రత్త చెప్పాలి. రెండు భాషలు డిమెన్షియా రాకుండా ఆపుతాయని ఎవరైనా అంటే నమ్మకండి. ఆసుపత్రికి వచ్చిన రోగులను చూసిన అధ్యయనాల్లోనే ఈ తేడా స్పష్టంగా ఉంది. ఆరోగ్యంగా ఉన్నవారిని ముందుగా ఎంచుకుని ఏళ్ల తరబడి వెంట నడిచిన కొన్ని అధ్యయనాల్లో అది కనిపించలేదు. 2017లో నహీద్ ముకద్దం బృందం అలాంటివాటిని కలిపి చూసి, జబ్బు వచ్చే అవకాశం తగ్గుతుందనడానికి ఆధారం లేదని తేల్చింది. పైగా నిమ్స్ రోగులు తెలుగు, దక్కనీ, హిందీ, ఇంగ్లీషు మాట్లాడేవాళ్లు. వారి సంగతి కోయ, తెలుగు మాట్లాడేవాళ్లకూ వర్తిస్తుందనడం ఊహే, కాకపోతే గట్టి ఆధారం మీద నిలిచిన ఊహ. ఒక్క పైసా ఖర్చు లేని, ఏ హానీ చేయని అలవాటును నిలుపుకోవడానికి ఈ మాత్రం ఆధారం చాలు.

ఇంట్లో ఆచరించవలసినది ఇక్కడి నుంచే మొదలవుతుంది. కోయ గూడేల్లో పిల్లలు ఆశ్రమ పాఠశాలలకు వెళ్లి తెలుగు, ఇంగ్లీషు పట్టుకుని వస్తున్నారు. చదువు అవసరం, ఎవరూ కాదనరు. కానీ సెలవులకు ఇంటికి వచ్చిన మనవడు అవ్వతో తెలుగులోనే మాట్లాడి, ఆమె కోయలో అడిగితే నవ్వేసి ఊరుకుంటే, ఆ ఇంట్లో రెండు భాషల మధ్య రాకపోకలు ఆగిపోతాయి. పట్నంలో స్థిరపడ్డ కొడుకు తల్లిని ఖమ్మంలో అద్దె ఇంటికి తెచ్చుకున్నప్పుడు కూడా ఇదే జరుగుతుంది. మూడు గదుల ఇంట్లో ఆమెతో తన భాషలో మాట్లాడే మనిషే ఉండరు. టీవీ మాట్లాడుతుంది, ఆమె వింటుంది. వినడం ఒకటి, ఎదురు మాట్లాడడం ఒకటి. బుర్రకు పని పెట్టేది రెండోది.

మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్యను తెలుగు పాఠకులు మరిచిపోలేదు. కోయల డోలి కళాకారుడు, కంచుమేళం మీద సమ్మక్క సారలమ్మల కథలను, కోయ వంశాల చరిత్రను కోయలోనూ తెలుగులోనూ పాడిన గాయకుడు. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది, 2024 జూన్‌లో కన్నుమూశారు. కాగితం మీద లేని చరిత్రను రెండు భాషల్లో నాలుక చివర నిలుపుకొన్నవాళ్లు ఈ అడవి అంచున ఇంకా ఉన్నారు. అలాంటి పెద్దలు మీ ఇంట్లో ఉంటే వాళ్లను కూర్చోబెట్టి అడగండి: ఇలవేల్పు ఎవరు, మన గోత్రం ఎక్కడి నుంచి వచ్చింది, గోదావరి పొంగినప్పుడు ఎటు పోయారు. ఫోన్‌లో రికార్డు చేసుకోండి. చెప్పేవారికి అది పని, వినేవారికి చరిత్ర.

ఇక జబ్బును గుర్తించడం ఎలా? “వయసు మీద పడింది, ముసలోళ్లకు చాదస్తం మామూలే” అన్న ఒక్క మాటతో చాలా ఇళ్లలో సంగతి ముగుస్తుంది. మన దేశంలో ఆ మాట చేసే నష్టం తక్కువేమీ కాదు. దేశవ్యాప్తంగా చేసిన లాసీ-డాడ్ అధ్యయనం ప్రకారం 60 ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం మందికి డిమెన్షియా ఉంది, అంటే దాదాపు 88 లక్షల మంది. పట్టణాల్లో 5.3 శాతమైతే పల్లెల్లో 8.4 శాతం. మగవారిలో 5.8 శాతమైతే ఆడవారిలో 9 శాతం. పల్లెలో ఉన్న, చదువుకోని ఆడమనిషికే ముప్పు ఎక్కువ. ఆసుపత్రి గుమ్మం చేరేవారిలో ఆమెదే చివరి వంతు.

ఆసుపత్రికి చేరినా ఇంకో చిక్కు ఉంది. జ్ఞాపకశక్తిని కొలవడానికి ప్రపంచమంతా వాడే మినీ మెంటల్ స్టేట్ పరీక్షను 1975లో అమెరికాలో ఫోల్‌స్టీన్ దంపతులు, వారి సహచరుడు రూపొందించారు. అందులో ఒక వాక్యం రాయాలి, వందలోంచి ఏడేసి తీసేస్తూ పోవాలి, ఈ రోజు తేదీ చెప్పాలి. బడికి వెళ్లని మనిషి బుర్ర ఎంత చురుగ్గా ఉన్నా ఈ పరీక్షలో తప్పుతుంది. హర్యానాలోని బల్లభ్‌గఢ్ ప్రాంతంలో భారత, అమెరికా పరిశోధకులు 1990లలో వృద్ధులను పరీక్షించాలనుకున్నప్పుడు ఈ సంగతి ముందే పట్టుకున్నారు. అక్కడ నూటికి 70 మందికి పైగా నిరక్షరాస్యులు. అందుకని వాళ్లు ప్రశ్నలనే మార్చారు. ఇప్పుడు పొద్దునా, మధ్యాహ్నమా, సాయంత్రమా అని అడిగారు. తీసివేతల బదులు వారాల పేర్లు వెనక నుంచి చెప్పమన్నారు. కాగితం మీద రాసింది చదివి చేయమనే బదులు, నేను చేసినట్టు చెయ్యి అని కళ్లు మూసి చూపించారు. మనిషిని తన బతుకులోని కొలతలతోనే కొలవాలన్నది ఆ పరిశోధకులు నేర్పిన పాఠం.

భద్రాచలం ఏజెన్సీలో ఆ కొలతలు ఏవో ఇంట్లోవాళ్లకే బాగా తెలుసు. ముప్పై ఏళ్లుగా తునికాకును యాభై ఆకుల చొప్పున కట్ట కట్టిన చెయ్యి ఇప్పుడు లెక్క తప్పుతోందా? సంతలో చిల్లర తీసుకోకుండా వచ్చేస్తోందా? గొడ్లను తోలుకుపోయిన దారిలోనే తిరిగి రాలేక నిలబడిపోతోందా? ఎప్పుడూ వండే కూరలో ఉప్పు రెండుసార్లు వేసి, వేసిన సంగతే గుర్తులేదంటోందా? ఎవరి పేరో టక్కున గుర్తు రాకపోవడం, కళ్లద్దాలు ఎక్కడ పెట్టానో అని వెతుక్కోవడం వయసుతో వచ్చేవి. కాసేపటికి గుర్తొస్తాయి. చేతికి బాగా వచ్చిన పని చెయ్యిజారిపోవడం, తెలిసిన దారి తెలియకపోవడం, అడిగిందే అడుగుతూ అడిగినట్టు తెలియకపోవడం ఆరు నెలలు, ఏడాదిగా పెరుగుతూ వస్తుంటే డాక్టరుకు చూపించాల్సిందే. వెళ్లేటప్పుడు ఈ మార్పులు ఎప్పటి నుంచి, ఏ పనిలో మొదలయ్యాయో చెప్పగలిగిన మనిషి వెంట ఉండాలి. రోగి మొదటి భాష తెలిసిన మనిషి ఉండాలి. జబ్బు ముదిరేకొద్దీ తర్వాత నేర్చుకున్న భాష ముందు సన్నగిల్లి, తల్లి ఒడిలో నేర్చిన భాష ఎక్కువ కాలం నిలవడం చాలామందిలో చూస్తుంటారు. తెలుగులో అడిగితే తెల్లమొహం వేసిన అవ్వ కోయలో అడిగితే సరిగ్గా చెప్పవచ్చు. అది తెలియక రాసిన రిపోర్టు తప్పుడు రిపోర్టే అవుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం ఇది: మతిమరుపులా కనిపించేదంతా డిమెన్షియా కాదు. బి12 విటమిన్ తక్కువైనా, థైరాయిడ్ పనిచేయకపోయినా, తలకు దెబ్బ తగిలి లోపల రక్తం గడ్డకట్టినా, తెలిసీ తెలియక మింగిన నిద్రమాత్రల వల్లా, రోజూ తాగే సారా వల్లా మనిషి మతి మందగిస్తుంది. వీటిలో చాలావాటికి వైద్యం ఉంది. ఒకటి రెండు రోజుల్లోనే మనిషి అయోమయంలో పడి, రాత్రిళ్లు లేచి ఎవరెవరినో పిలుస్తూ, పొద్దున కాస్త మామూలుగా ఉంటూ ఉంటే అది డెలీరియం. మలేరియా ఇంకా పూర్తిగా పోని ఈ అడవి ప్రాంతంలో జ్వరంతో పాటు ఇలా జరిగితే ఒక్క పూట కూడా ఆగకూడదు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, ఊపిరితిత్తుల్లో నెమ్ము, ఒంట్లో నీరు తగ్గిపోవడం కూడా ముసలివాళ్లలో ఇలాగే బయటపడతాయి. నెమ్మదిగా వచ్చిందా, ఉన్నట్టుండి వచ్చిందా అన్న ఒక్క ప్రశ్న ప్రాణం కాపాడగలదు.

దీన్ని జబ్బుగా చూడకపోతే జరిగే అనర్థం మరుపుతో ఆగదు. తనలో తాను మాట్లాడుకుంటూ, రాత్రివేళ ఊరి చివర తిరుగుతూ, చూసినవారిని అనుమానంగా తిట్టే ఒంటరి వృద్ధురాలిని గాలి సోకిందనో, చేతబడి చేస్తోందనో ఊరు అనుకోవడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. చేతబడి అనుమానంతో పెద్దవాళ్ల మీద దాడులు జరిగిన వార్తలు పత్రికల్లో ఇప్పటికీ వస్తున్నాయి. అనుమానాలు, రాత్రి తిరుగుళ్లు, లేనివి కనిపించడం డిమెన్షియాలో ఉండే లక్షణాలే అని ఊరి పెద్దకు, పూజారికి, వార్డు సభ్యుడికి చెప్పిన మనిషి ఒక నిండు ప్రాణాన్ని నిలబెట్టినట్టే. ఇలాంటివారిని ఆశా కార్యకర్తలు గుర్తించగలరా అన్న సందేహం అక్కర్లేదు. కేరళలోని త్రిస్సూర్ దగ్గర డాక్టర్ కె.ఎస్. షాజీ బృందం అంగన్‌వాడీ కార్యకర్తలకు కొద్ది గంటల శిక్షణ ఇచ్చి, తమ పరిధిలో డిమెన్షియా ఉండవచ్చనిపించినవారిని చూపమంది. వాళ్లు చూపినవారిలో మూడింట రెండు వంతుల మందికి జబ్బు నిజంగానే ఉందని వైద్యులు నిర్ధారించారు. ఈ ఫలితాలు 2002లోనే అచ్చయ్యాయి.

జబ్బు వచ్చాక నయం చేసే మందు ఇప్పటికీ లేదు. రాకుండా, లేదా ఆలస్యంగా వచ్చేలా చేయగలిగిందే ఎక్కువ. 2024లో ‘లాన్సెట్’ వైద్య పత్రిక కమిషన్ 14 కారణాలను లెక్కగట్టి, వాటిని సరిచేస్తే ప్రపంచంలో దాదాపు 45 శాతం డిమెన్షియాను నివారించవచ్చని లేదా వాయిదా వేయవచ్చని చెప్పింది. బీపీ, షుగర్, చెడు కొలెస్ట్రాల్, పొగ, మందు, తలకు దెబ్బలు, ఒంటరితనం, కుంగుబాటు, చెవుడు ఆ జాబితాలో ఉన్నాయి. చూపు తగ్గడం, కొలెస్ట్రాల్ ఆ ఏడాదే కొత్తగా చేరాయి.

కంటి విషయంలో ఖమ్మానికి ఒక గుర్తు ఉంది. తెలంగాణ ప్రభుత్వం కంటి వెలుగు రెండో విడతను 2023 జనవరి 18న ఇక్కడి నుంచే ప్రారంభించింది. కళ్లద్దాలు ఇచ్చే కార్యక్రమానికీ మతిమరుపుకూ లంకె ఏమిటని అనిపించవచ్చు. అమెరికాలోని సియాటిల్‌లో 3,000 మందికి పైగా వృద్ధులను గమనించిన అధ్యయనం 2022లో వెలువడింది. శుక్లం ఆపరేషన్ చేయించుకున్నవారిలో డిమెన్షియా ముప్పు చేయించుకోనివారికన్నా సుమారు 30 శాతం తక్కువగా కనిపించింది. కళ్లు మసకబారితే మనుషులు బయటికి పోవడం మానేస్తారు, మొహాలు గుర్తుపట్టలేక మాటలు తగ్గించుకుంటారు. మెదడుకు అందే సరుకు తగ్గిపోతుంది. శుక్లాన్ని వయసు ధర్మమని వదిలేసిన ఇల్లు కంటితో పాటు ఇంకా విలువైనదాన్ని పోగొట్టుకుంటోందని గట్టిగా చెప్పాలి.

చెవి సంగతి ఇంకా నిర్లక్ష్యం. తాత వినలేదంటే అరిచి చెబుతారు, తర్వాత చెప్పడమే మానేస్తారు. అమెరికాలో 977 మందితో చేసి 2023లో ప్రచురించిన ఎచీవ్ ప్రయోగంలో చెవి మిషన్ ఇచ్చినవారందరినీ కలిపి చూస్తే పెద్ద తేడా రాలేదు. ముప్పు ఎక్కువగా ఉన్నవారిలో మాత్రం మూడేళ్లలో ఆలోచనాశక్తి తగ్గుదల దాదాపు సగానికి పడిపోయింది. పేద వృద్ధులకు చెవి మిషన్లు, చేతికర్రలు, కళ్లద్దాలు, కట్టుడు పళ్లు ఉచితంగా ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ యోజన 2017 ఏప్రిల్ 1న నెల్లూరులోనే మొదలైంది. దరఖాస్తు పెట్టడానికి చదువుకున్న మనవడో మనవరాలో ఒక పూట కేటాయిస్తే చాలు.

బీపీ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఆరోగ్య ఉపకేంద్రంలో చూపించుకోవాలి, బిళ్ల రాస్తే బాగైందని మానేయకూడదు. 2019లో వెలువడిన స్ప్రింట్-మైండ్ అనే ప్రయోగం ఫలితాల్లో బీపీని గట్టిగా అదుపులో పెట్టిన వర్గంలో మతి మందగించే తొలి దశ దాదాపు ఐదోవంతు తగ్గింది.

పని విషయానికి వస్తే ఖమ్మం జిల్లావాళ్లకు బయటి ఉదాహరణ అక్కర్లేదు. రెడ్డిపల్లికి చెందిన దరిపల్లి రామయ్యను వనజీవి రామయ్యగా దేశమంతా ఎరుగుదురు. కోటికి పైగా మొక్కలు నాటారని ఆయనకు పేరు, 2017లో పద్మశ్రీ. జేబుల్లో విత్తనాలు, మెడలో చెట్ల గురించి రాసిన బోర్డు, వయసు 80 దాటాక కూడా అదే ధ్యాస. 2025 ఏప్రిల్‌లో కన్నుమూసే దాకా ఆయనకు పొద్దున లేవడానికి ఒక కారణం ఉంది. ఆ కారణానికి ఎంత బలముందో షికాగోలోని రష్ వైద్య కేంద్రంలో పాట్రీషియా బాయిల్ బృందం లెక్కించింది. 900 మందికి పైగా వృద్ధులను ఏడేళ్ల దాకా గమనించి 2010లో ఫలితాలు ప్రకటించింది. జీవితానికి ఒక లక్ష్యం ఉందని గట్టిగా భావించేవారికి, అలా భావించనివారితో పోలిస్తే అల్జీమర్స్ రాకుండా నిలిచే అవకాశం 2.4 రెట్లు ఎక్కువగా కనిపించింది.

ఈ మాటను పిల్లలు మరీ జాగ్రత్తగా వినాలి. “నువ్వు కూర్చో అమ్మా, మేం చూసుకుంటాం” అనేది ప్రేమతో అనే మాటే. ఆ ప్రేమతోనే ఒక్కో పనీ లాగేసుకుంటారు. కోళ్లను కమ్మడం, విత్తనాలు ఎంచడం, చీపుర్లు కట్టడం, మనవడిని అంగన్‌వాడీకి తీసుకుపోవడం, పెళ్లి మాటల్లో కూర్చోవడం ఇవన్నీ పోయాక మిగిలేది మంచం. చేతనైనంత పని పెద్దల చేతిలోనే ఉంచండి. నెమ్మదిగా చేస్తే చేయనివ్వండి. తప్పు చేస్తే దిద్దండి, లాక్కోకండి.

మంచాన పడ్డ మనసు కుంగిపోతుంది. కుంగుబాటు కూడా మతిమరుపు వేషంలో వస్తుంది. ఏదడిగినా “నాకేం తెలుసు” అనడం, తిండి సహించకపోవడం, తెల్లవారుజామున మెలకువ వచ్చి నిద్ర పట్టకపోవడం, “ఇంకా ఎందుకు బతికున్నానో” అనడం దాని గుర్తులు. ఆ చివరి మాటను ముసలివాళ్ల ఊతపదంగా ఎన్నడూ తీసుకోకండి. ఆ మాట వెనక నిజమైన ఆలోచనే ఉండవచ్చు. దీనికి మందు ఉంది, మాట సాయం ఉంది. గోవాలో 60 దాటిన 181 మందితో ఒక ప్రయోగం చేశారు. డాక్టర్లు కాని మామూలు శిక్షణ పొందిన సలహాదారులు వాళ్ల సమస్యలను ఒక్కొక్కటిగా విడదీసి పరిష్కరించుకోవడం నేర్పారు. ఏడాది తర్వాత ఆ సాయం అందినవారిలో నూటికి నలుగురికే తీవ్ర కుంగుబాటు వచ్చింది, అందనివారిలో 14 మందికి. అలాంటి సలహాదారుకు ఉండాల్సింది ఓపికగా వినే గుణం, ఆ మనిషి భాష. రెండూ గూడెంలోనే దొరుకుతాయి.

జబ్బు వచ్చిన ఇంట్లో రోజు గడపడం వేరే విద్య. చనిపోయిన భర్త ఇంకా పొలం నుంచి రాలేదని అవ్వ ఎదురు చూస్తుంటే, పోయాడని చెప్పిన ప్రతిసారీ ఆమెకు అది కొత్త చావే. “మామ ఎలా ఉండేవాడు, చెప్పత్తా” అని మాటను ఆయన జ్ఞాపకాల వైపు తిప్పే కోడలు మంచి వైద్యం చేస్తున్నట్టే. రోజూ ఒకే వేళకు స్నానం, ఒకే వేళకు తిండి, రాత్రి ఒక దీపం, పొయ్యి దగ్గర ఒకరి కన్ను. అడవి అంచు ఊళ్లలో దారి తప్పడం ప్రాణం మీదికి వస్తుంది కాబట్టి చేతికి పేరు, ఊరు, ఫోన్ నంబరు ఉన్న కడియమో తాయెత్తో కట్టడం మంచిది. ఊరికి ముందే చెప్పి ఉంచడం ఇంకా మంచిది. సిగ్గుపడి దాచిన ఇంట్లోనే మనిషి తప్పిపోతే వెతకడం ఆలస్యమవుతుంది.

గోదావరి ఒడ్డున ఇంకో ప్రమాదం ఉంది. 1986లో భద్రాచలం దగ్గర నీటిమట్టం 75.6 అడుగులకు చేరింది, 2022 జూలైలో 71.3 అడుగులకు. మూడో హెచ్చరిక వచ్చిందంటే రాత్రికి రాత్రి ఇళ్లు ఖాళీ చేయాలి. డిమెన్షియా ఉన్న మనిషికి పునరావాస కేంద్రంలోని వెలుతురు, గోల, కొత్త మొహాలు పట్టలేని భయం కలిగిస్తాయి. మనిషి అరుస్తుంది, బయటికి పరుగెత్తుతుంది. మూటలో బట్టలతో పాటు ఆమె రోజూ కప్పుకునే దుప్పటి, వాడే గ్లాసు, మందుల చీటీ పెట్టుకోండి. గోడ పక్కన చోటు అడగండి. ఇంట్లో ఒకరు ఆమె పక్కనే ఉండి ఆమె భాషలో మాట్లాడుతూ ఉండాలి. ముంపు వల్ల ఊరే మారి కాలనీ ఇంట్లో దిగినవాళ్లకు ఈ కలవరం నెలల తరబడి ఉంటుంది. పాత ఊరి ఇరుగుపొరుగును వారానికోసారైనా కలిపితే కాస్త తగ్గుతుంది.

చివరగా, చూసుకునే మనిషిని ఎవరు చూసుకుంటారు? దాదాపు ఎప్పుడూ ఆ భారం కోడలిదో, కూతురిదో, ముసలి భార్యదో. రాత్రి నిద్ర లేక, పొద్దున కూలి పోయి, తిట్లు తింటూ ఏళ్లు గడిపే ఆ మనిషి కూడా రోగే అవుతుంది. గోవాలో 81 కుటుంబాలతో చేసి 2008లో ప్రచురించిన ప్రయోగంలో ఇంటికి వెళ్లి నేర్పి, విని, సలహా చెప్పే సాయం అందినప్పుడు సంరక్షకుల మానసిక ఆరోగ్యం మెరుగుపడింది. అన్నదమ్ములు వంతులు వేసుకోవాలి. పట్నంలో ఉన్నవాడు డబ్బు పంపి చేతులు దులుపుకోకుండా నెలకు రెండు రోజులు వచ్చి రాత్రి కాపలా తను కాయాలి.

సలహా కావాలంటే పెద్దల కోసం 14567 ఉచిత ఫోన్ లైన్ ఉంది. 2017లో హైదరాబాద్‌లో మొదలై తర్వాత దేశమంతా వ్యాపించింది. మనసు బాగోలేనివారికి, వారిని చూసుకునేవారికి టెలీ మానస్ 14416 రాత్రింబవళ్లు పలుకుతుంది. ఈ రెండు నంబర్లూ గోడ మీద పెద్ద అంకెలతో రాసి పెట్టండి. ఈ వారం సంతకు పోయే రోజున మీ ఇంటి పెద్దావిడను వెంట తీసుకెళ్లి, దారిలో ఉన్న ఆరోగ్య కేంద్రంలో బీపీ, షుగర్, కన్ను, చెవి చూపించండి. బేరం మాత్రం ఆమెనే చేయనివ్వండి.